పుస్తకంలో ఉన్నదంతా పెట్టారు, అయినా ఎందుకు ఎక్కలేదు? లైట్ నావెల్ యానిమేల మీద నా గోల

2019 జులై. బీటెక్ మూడో సంవత్సరం మొదలైన రోజులు. హాస్టల్ రూమ్‌లో నలుగురం, ఒక ల్యాప్‌టాప్, ఒక పక్కే పనిచేసే స్పీకర్. నేను అప్పటికే 'అరిఫురేటా' మొదటి వాల్యూమ్ ఇంగ్లీష్ అనువాదం చదివేసి, "మావా, ఇది యానిమేగా వస్తోంది, చూస్తే పిచ్చెక్కిపోద్ది" అని రెండు నెలలుగా అందరి బుర్రలూ తింటున్నా. మొదటి ఎపిసోడ్ అయిపోయింది. ఒక రూమ్మేట్ నా వైపు తిరిగి, "వీడెవడ్రా? ఎందుకంత కోపం వీడికి?" అన్నాడు. నా దగ్గర సమాధానం ఉంది. కానీ అది పుస్తకంలో ఉంది, స్క్రీన్ మీద లేదు.

ఈ సైట్‌లో నేను మామూలుగా ఫోన్లు, ఇయర్‌బడ్స్ గురించి రాస్తుంటా. ఈసారి టాపిక్ మారుస్తున్నా, కానీ పాయింట్ మీకు తెలిసిందే. స్పెక్ షీట్‌లో అన్నీ ఉంటాయి. పెద్ద సెన్సర్, 120 హెర్ట్జ్ డిస్‌ప్లే, కొత్త చిప్. ఫోన్ చేతిలోకి వచ్చాక వారం తిరక్కుండానే చిరాకు మొదలవుతుంది. లైట్ నావెల్ నుంచి వచ్చే యానిమేలు చాలావరకు ఇలాగే ఫెయిల్ అవుతాయని నా నమ్మకం. కథలో జరిగిన సంఘటనలన్నీ లిస్టులో టిక్ పెట్టినట్టు తెర మీద కనిపిస్తాయి. పుస్తకం చదివినవాడికి కలిగిన ఫీలింగ్ మాత్రం ఎక్కడా ఉండదు.

ముందు లైట్ నావెల్ అంటే ఏంటో తెలియని వాళ్ళకి రెండు ముక్కలు. జపాన్‌లో టీనేజర్లని దృష్టిలో పెట్టుకుని వచ్చే చిన్న సైజు నవలలు ఇవి. జేబులో పట్టేంత పుస్తకం, దాదాపు 200, 300 పేజీలు, మధ్యలో మాంగా స్టైల్ బొమ్మలు కొన్ని. మాంగాకి దీనికి పెద్ద తేడా ఒకటుంది. మాంగా అప్పటికే సగం స్టోరీబోర్డ్. ఫ్రేమ్, యాంగిల్, ముఖంలో ఎక్స్‌ప్రెషన్, అన్నీ గీసి ఉంటాయి. లైట్ నావెల్‌లో అవేవీ ఉండవు. ఉండేది ఒక గొంతు. హీరో తల లోపల నడిచే సొద. వాడి భయం, వాడి వెటకారం, వాడు చెప్పే అబద్ధాలు. చాలా సిరీస్‌లలో ప్లాట్ కన్నా ఆ సొదే అసలు సరుకు.

యానిమే ఎక్కాలా పోవాలా అనేది ఆ సొదకి తెర మీద ఏం ప్రత్యామ్నాయం దొరికింది అనే ఒక్క విషయం మీదే ఎక్కువగా ఆధారపడుతుందని నా వాదన. పేజీలు కట్ చేయడం, సీజీ బాగోకపోవడం, బడ్జెట్, ఇవన్నీ దాని తర్వాతే.

అరిఫురేటాకే వద్దాం. హజిమే అనే మామూలు కుర్రాడు క్లాస్‌మేట్స్‌తో పాటు వేరే ప్రపంచంలోకి వెళ్తాడు. అక్కడ అందరికంటే వీడే వీక్. ఒక క్లాస్‌మేట్ చేసిన ద్రోహంతో చెరసాల లాంటి గుహల అడుగుకి పడిపోతాడు. చెయ్యి పోతుంది, ఆకలికి రాక్షసుల మాంసం తింటాడు, జుట్టు తెల్లబడుతుంది, మనిషే మారిపోతాడు. పుస్తకంలో ఈ మార్పుకి ముందు మీరు ఆ పాత హజిమేతో చాలాసేపు గడుపుతారు. మంచోడు, మెతక, గొడవలంటే పడదు. అందుకే వాడు విరిగిపోతుంటే మనకి నొప్పి తెలుస్తుంది. యానిమేలో మొదటి ఎపిసోడే గుహలో మొదలవుతుంది. ముందు కథని ముక్కలు ముక్కలుగా ఫ్లాష్‌బ్యాక్‌లో చూపిస్తారు. సంఘటనలన్నీ ఉన్నాయి. క్రమం మాత్రమే మార్చారు. ఆ ఒక్క మార్పుతో, పాత మనిషిని చూడకుండానే కొత్త మనిషిని చూస్తాం. మా రూమ్మేట్ అడిగిన ప్రశ్న కరెక్ట్. వీడెవడ్రా?

ఆ సిరీస్ నిజానికి 2018 ఏప్రిల్‌లో రావాల్సింది. వాయిదా పడింది, డైరెక్టర్ మారారు, స్క్రిప్ట్ చూసుకునే వాళ్ళు మారారు. సీజీ మీద అప్పట్లో నవ్వులు వినిపించాయి, నిజమే, రాక్షసులు పాత ప్లేస్టేషన్ గేమ్‌లోంచి వచ్చినట్టు ఉంటాయి. కానీ సీజీ బాగుంటే ఈ ప్రాబ్లం పోయేది కాదు. తర్వాత రెండు సీజన్లు కూడా వచ్చాయి కాబట్టి వ్యాపారపరంగా ఫెయిల్ అని నేను అనట్లేదు. చదివినవాడికి అందింది చూసినవాడికి అందలేదు. నేను ఫెయిల్ అంటున్నది దాన్నే.

సీజీ అసలు పాయింట్ కాదనడానికి 'ఓవర్‌లార్డ్' చాలు. మూడో సీజన్ ఆఖర్లో వచ్చే ఆ పెద్ద పెద్ద మేకల సీన్ చూసిన వాళ్ళకి చెప్పక్కర్లేదు. పుస్తకంలో ఒళ్ళు జలదరించే ఘట్టం, తెర మీద లోడ్ కాని గేమ్ మోడల్స్‌లా ఉంటుంది. అయినా ఆ షో నాలుగు సీజన్లు నడిచింది, సినిమా కూడా వచ్చింది. నాతో సహా అందరం చూశాం. ఎందుకు? కథ మొత్తం ఒక జోక్ మీద నిలబడింది. బయటికి భయంకరమైన అస్థిపంజర మాంత్రికుడు, లోపల మామూలు ఆఫీస్ ఉద్యోగి. వాయిస్ యాక్టర్ సతోషి హినో బయటికి మాట్లాడేటప్పుడు బేస్ గొంతులో మహారాజులా మాట్లాడతాడు, మరుక్షణం మనసులో "అయ్యబాబోయ్, ఇప్పుడేం చెప్పాలి" అన్న టోన్‌లో కంగారు పడతాడు. పుస్తకంలోని సొద మొత్తం ఆ రెండు గొంతుల మధ్య గ్యాప్‌లో బతికేసింది. దానికి యానిమేషన్ బడ్జెట్ అక్కర్లేదు, ఒక మంచి మైక్, ఒక మంచి నటుడు చాలు.

'ముషోకు టెన్సెయ్' దీన్ని ఇంకో మెట్టు పైకి తీసుకెళ్ళింది. ముప్పై నాలుగేళ్ళ, ఇంట్లోంచి బయటికి రాని మనిషి చచ్చిపోయి వేరే ప్రపంచంలో పసివాడిగా పుడతాడు. బయటికి వినపడే రూడియస్ గొంతు యూమీ ఉచియామాది. మనసులో మాటలకి మాత్రం పాత మనిషి గొంతే, తోమోకాజు సుగితా. పసిపిల్లాడి ముద్దు మొహం మీద ఆ ముదురు గొంతు పడుతుంటే ఇబ్బందిగా ఉంటుంది. ఉండాలి కూడా. పుస్తకం చదివేటప్పుడు కలిగే ఇబ్బంది అదే. ఆ లోపలి గొంతు తీసేస్తే రూడియస్ ఒక ముద్దొచ్చే జీనియస్ పిల్లాడు అయిపోయేవాడు, షో చూడటానికి హాయిగా ఉండేది, కానీ అది వేరే కథ అయ్యేది. ఈ హీరో అంటే పడని వాళ్ళు చాలామంది ఉన్నారు, వాళ్ళతో నాకు పెద్ద గొడవ లేదు. కనీసం వాళ్ళు సరైన మనిషినే అసహ్యించుకుంటున్నారు.

ఈ షో కోసం 2018లో స్టూడియో బైండ్ అని ఒక స్టూడియోనే పెట్టారు. ఓపెనింగ్ సాంగ్ వచ్చేటప్పుడు కూడా మామూలు షోల్లా క్యారెక్టర్లు పరిగెత్తే క్లిప్ వేయకుండా, దాని కింద కథ నడిపించారు. ఒక్కో ఎపిసోడ్‌లో దొరికే ఆ 90 సెకన్లు కూడా వదల్లేదన్నమాట. ర్యామ్ ఆప్టిమైజేషన్ అంటే ఇదీ.

ఇప్పుడు నాకు బాగా కడుపు మండిన కేసు. 'ది ఇర్రెగ్యులర్ ఎట్ మ్యాజిక్ హైస్కూల్'. మీలో కోడింగ్ చేసేవాళ్ళు ఎవరైనా ఉంటే పుస్తకం తప్పక చదవండి. అందులో మ్యాజిక్ అంటే మంత్రాలు కాదు, ప్రోగ్రామ్. సీఏడీ అనే డివైస్‌లో యాక్టివేషన్ సీక్వెన్స్ ఉంటుంది, మాంత్రికుడు దాన్ని లోడ్ చేసుకుని రన్ చేస్తాడు. హీరో తత్సుయా ఆ డివైస్‌లని ట్యూన్ చేసే ఇంజనీర్. మామూలు మ్యాజిక్ టెస్టుల్లో మార్కులు రావు కాబట్టి స్కూల్లో సెకండ్ గ్రేడ్ స్టూడెంట్. మన కాలేజీల్లో బ్యాక్‌లాగ్స్ ఉన్నా గిట్‌హబ్‌లో దుమ్ము లేపే కుర్రాడు ఉంటాడు చూశారా, అచ్చం ఆ టైపు. పుస్తకం డాక్యుమెంటేషన్ చదివినట్టు ఉంటుంది, నేను ఇది పొగడ్తగానే అంటున్నా. ఒక ఫైట్‌లో తత్సుయా ఏం చేశాడో రెండు పేజీలు వివరిస్తారు. ఆ వివరణే మజా.

2014లో 26 ఎపిసోడ్లతో యానిమే వచ్చింది. ఆ రెండు పేజీలు తెర మీద ఎలా ఉన్నాయి? తత్సుయా చెయ్యి చాపుతాడు. నీలం రంగు వెలుగు. అవతలివాడు పడిపోతాడు. పక్కనున్న ఫ్రెండ్స్ "ఓహో" అంటారు. అంతే. వాళ్ళు తప్పుగా ఏమీ చూపించలేదు, జరిగింది అదే. కానీ ఎలా జరిగిందో తెలియకపోతే తత్సుయా ఇంజనీర్ కాదు, మొహంలో కదలిక లేని సూపర్‌మ్యాన్. పైగా వాడి మొహం ఎందుకలా ఉంటుందో కూడా కథలో కారణం ఉంది. చిన్నప్పుడు వాడి మీద చేసిన ఒక ప్రయోగంలో బలమైన ఎమోషన్స్ అన్నీ పోయాయి, చెల్లెలి మీద ప్రేమ ఒక్కటి తప్ప. ఆ కథని పూర్తిగా చెప్పే ఎనిమిదో వాల్యూమ్ యానిమేగా వచ్చింది 2021 డిసెంబర్ 31న. ఏడేళ్ళు తత్సుయాని "చెక్కబొమ్మ" అని తిట్టినవాళ్ళని నేను ఏమనగలను? వాళ్ళు చూసింది చెక్కబొమ్మనే.

'స్వోర్డ్ ఆర్ట్ ఆన్‌లైన్' కూడా దాదాపు ఇదే బాపతు. మనలాంటి గ్యాడ్జెట్ పిచ్చోళ్ళలో చాలామందికి యానిమే పరిచయం అయ్యింది దాంతోనే అనుకుంటా. (కథలో నెర్వ్‌గేర్ మీద ఆ గేమ్ లాంచ్ అయ్యే తేదీ 2022 నవంబర్ 6. ఆ తేదీ వచ్చి వెళ్ళిపోయింది, మన హెడ్‌సెట్లు ఇంకా మెడనొప్పి దగ్గరే ఉన్నాయి.) మొదటి వాల్యూమ్ లాంచ్ రోజుతో మొదలై ఒక్కసారిగా రెండేళ్ళు దూకుతుంది. మధ్యలో జరిగినవన్నీ రెండో వాల్యూమ్‌లో విడి కథలుగా వస్తాయి. యానిమే వాళ్ళు అన్నీ కాలక్రమంలో సర్దారు. లాజికల్‌గా కరెక్ట్ పనే. కానీ పుస్తకంలో ఆ విడి కథలు చదివేసరికి కిరితో, అసునాల సంగతి మనకి తెలుసు. యానిమేలో మాత్రం వారానికో కొత్త అమ్మాయి వచ్చి వెళ్తున్నట్టు అయిపోయింది. డేటా అంతా అదే, సార్టింగ్ మారింది.

అలా అని ఉన్నది ఉన్నట్టు తీస్తే సరిపోతుందా అంటే, దానికి నా దగ్గర ఉన్న బెస్ట్ ఉదాహరణ 'హరుహి సుజుమియా'. క్యోన్ అనే కుర్రాడి నేరేషన్ మీద నడిచే కథ. వాడు మనసులో అనుకుంటున్నాడా, బయటికే అనేశాడా అన్నది చాలాసార్లు తేలదు, అందులోనే సగం కామెడీ. 2006లో క్యోటో యానిమేషన్ తీసినప్పుడు క్యోన్‌కి గొంతు ఇచ్చింది ఎవరో తెలుసా? పైన చెప్పిన సుగితానే. పదిహేనేళ్ళ తర్వాత ముషోకు టెన్సెయ్ వాళ్ళు మనసులో మాటల కోసం ఆయన్నే పట్టుకోవడం నాకైతే యాదృచ్ఛికం అనిపించదు.

2009లో 'ఎండ్‌లెస్ ఎయిట్' వచ్చింది. పుస్తకంలో అది ఒక చిన్న కథ. వేసవి సెలవుల ఆఖరి రెండు వారాలు మళ్ళీ మళ్ళీ రిపీట్ అవుతుంటాయి, 15 వేల సార్లకు పైగా. ఎవరికీ గుర్తుండదు, నాగాతో అనే అమ్మాయికి తప్ప. ఆమెకి ప్రతి ఒక్కటీ గుర్తుంటుంది. పుస్తకంలో ఇది ఆఖరి రౌండ్ ఒక్కటే చెప్పి ముగిస్తారు. క్యోటో యానిమేషన్ ఏం చేసిందంటే, దాదాపు ఒకే ఎపిసోడ్‌ని ఎనిమిది సార్లు ప్రసారం చేసింది. కాపీ పేస్ట్ కూడా కాదు. ప్రతిసారీ కొత్తగా గీశారు, కొత్తగా డబ్బింగ్ చెప్పించారు, బట్టలు మారతాయి, యాంగిల్స్ మారతాయి. ఎనిమిది వారాలు. జపాన్‌లో వారం వారం టీవీ ముందు కూర్చున్న వాళ్ళు మండిపోయారు.

నా థియరీ ప్రకారం ఇది సూపర్ సక్సెస్ కావాలి. పుస్తకంలో ఒక అంకెగా మాత్రమే ఉన్న విసుగుని వీళ్ళు ప్రేక్షకుడి ఒంట్లోకి ఎక్కించారు. తర్వాతి ఏడాది నాలుగో వాల్యూమ్‌ని 'ది డిజప్పియరెన్స్ ఆఫ్ హరుహి సుజుమియా' అని సినిమా తీశారు, రెండు గంటల నలభై నిమిషాలు. అందులో నాగాతో చేసే పని ఎందుకు చేసిందో, ఆ ఎనిమిది ఎపిసోడ్లు భరించిన వాడికి ఒక్క డైలాగ్ అవసరం లేకుండా అర్థమవుతుంది. నేను ఆ సినిమా చూసి రాత్రి రెండింటికి హాస్టల్ టెర్రస్ మీద కూర్చున్నా. అయినా నిజం చెప్పాలంటే, ఎండ్‌లెస్ ఎయిట్ చూసేటప్పుడు నాలుగో ఎపిసోడ్ నుంచి ఫోన్ తీసి స్క్రోల్ చేశా. ఐడియా కరెక్ట్, మూడు ఎపిసోడ్లు చాలేవి. దాని గురించి నా అభిప్రాయం ఏడాదికోసారి మారుతుంటుంది, ప్రస్తుతానికి ఇక్కడ ఉన్నా.

సరే, అసలు నాకు నచ్చిన దాని గురించి చెప్పకుండా ఎలా ముగిస్తా. '86'. ఇక్కడి నుంచి రెండు పేరాలు స్పాయిలర్లు ఉన్నాయి, చూడని వాళ్ళు దాటేయండి.

ఒక రిపబ్లిక్, తన యుద్ధం మనుషులు లేని డ్రోన్లు చేస్తున్నాయని జనానికి చెబుతుంది. నిజానికి ఆ డ్రోన్లలో మనుషులు ఉంటారు. వాళ్ళని మనుషుల కింద లెక్కపెట్టరు, అంతే. లేనా అనే ఆఫీసర్ సురక్షితమైన నగరంలో కూర్చుని, పారా-రెయిడ్ అనే డివైస్ ద్వారా వాళ్ళతో మాట్లాడుతూ కమాండ్ చేస్తుంది. మొహాలు తెలియవు, గొంతులే. అసాతో అసాతో రాసిన మొదటి వాల్యూమ్ 2017లో వచ్చింది. 2021లో యానిమే తీసిన డైరెక్టర్ తోషిమసా ఇషీకి సిరీస్ డైరెక్టర్‌గా అదే మొదటిది. ఆయన ఆ ఒక్క వాల్యూమ్‌కి 11 ఎపిసోడ్లు తీసుకున్నారు. పేజీలు సాగదీశారా అంటే, లేదు. ఒకే సమయాన్ని ముందు తెల్లటి శుభ్రమైన నగరం వైపు నుంచి, తర్వాత యుద్ధభూమి వైపు నుంచి చూపిస్తారు. లేనా ఇంట్లో సాయంత్రం మాట్లాడుతున్న ఐదు నిమిషాలు అవతల ఎలా గడిచాయో మనం విడిగా చూస్తాం. పుస్తకంలో రచయిత్రి వాక్యాల్లో చెప్పిన దూరం, ఇక్కడ ఎడిటింగ్‌లో ఉంది. లేనా ఎంత మంచిదో, ఆ మంచితనం ఎంత పనికిమాలినదో ఎవరూ నోటితో చెప్పరు.

ఇంకోటి. పుస్తకంలో మొదటి వాల్యూమ్ చివరే లేనా, షిన్ ఒకరినొకరు కలుసుకుంటారు. అది ఒక పోటీకి పంపిన నవల కాబట్టి అక్కడే ముగింపు ఉండాలి. యానిమే ఆ కలయికని ఎత్తి పక్కన పెట్టి, 23వ ఎపిసోడ్‌కి దాచింది. అంటే పుస్తకానికి ద్రోహం చేసింది. పైగా చివరి రెండు ఎపిసోడ్లు ఆలస్యమై 2022 మార్చిలో వచ్చాయి. కానీ అప్పటికి రెండు వైపులా వాళ్ళు ఎంత దూరం నడిచారో మనం చూసి ఉంటాం కాబట్టి, ఆ సీన్ పుస్తకంలో కంటే గట్టిగా తగులుతుంది. అరిఫురేటా క్రమం మార్చి చెడింది, 86 క్రమం మార్చి బాగుపడింది. తేడా ఒక్కటే, ఆ క్రమం పుస్తకంలో ఏ పని చేస్తుందో వీళ్ళకి తెలుసు.

'ది అపోథెకరీ డైరీస్' గురించి పెద్దగా చెప్పను, ఇప్పటికే అందరూ చూసేశారు. మొదటి 24 ఎపిసోడ్లకి రెండే వాల్యూమ్‌లు వాడారన్నది మాత్రం గుర్తుపెట్టుకోండి. మావోమావో గొణుక్కోవడానికి అంత తీరిక దొరికింది అందుకే.

అందరూ ఇలాగే తియ్యొచ్చు కదా అంటే, డబ్బు. లైట్ నావెల్ యానిమే చాలాసార్లు పుస్తకానికి యాడ్. పెట్టుబడి పెట్టే ప్రొడక్షన్ కమిటీలో పబ్లిషర్ కూడా ఉంటాడు. 12 ఎపిసోడ్లు వేసి, ఏ వాల్యూమ్ దగ్గర ఆపితే "మిగతాది పుస్తకంలో చదవండి" అనొచ్చో చూసుకుంటారు. జపాన్ కుర్రాడికి అది సమస్య కాదు, పక్క షాపులో వాల్యూమ్ దొరుకుతుంది. 'నో గేమ్ నో లైఫ్' 2014లో 12 ఎపిసోడ్లు వచ్చింది, 2017లో ఒక సినిమా, ఇప్పటిదాకా రెండో సీజన్ లేదు. మనం ఇక్కడ ఇంకా ఎదురుచూస్తున్నాం.

నా బాధ అంతా ఇక్కడే. మన దగ్గర ఈ కథల్లోకి ఉన్న తలుపు దాదాపుగా యానిమే ఒక్కటే. ఇంగ్లీష్ అనువాదాలు ఇంపోర్ట్ ధరలో వస్తాయి, ఇరవై వాల్యూమ్‌ల సిరీస్ మొత్తం కొనాలంటే ఒక మిడ్‌రేంజ్ ఫోన్ డబ్బులు. యానిమే చెడితే ఆ కథ మన వాళ్ళకి చచ్చిపోయినట్టే. 'స్పైస్ అండ్ వుల్ఫ్' లాంటి అదృష్టం అందరికీ ఉండదు. 2008, 2009లో రెండు సీజన్లు వచ్చి, నాలుగో వాల్యూమ్ దాటేసి ఆగిపోయింది. 2024లో మళ్ళీ మొదటి నుంచి తీశారు, అవే ఇద్దరు వాయిస్ యాక్టర్లతో, ఈసారి నాలుగో వాల్యూమ్ కూడా కలిపి. నాణేల్లో వెండి శాతం గురించి ఇద్దరు బండి మీద కూర్చుని మాట్లాడుకునే కథకి రెండో ఛాన్స్ దొరికిందంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఇప్పుడు క్రంచీరోల్ తెలుగు డబ్బింగ్‌లు కూడా ఇస్తోంది కాబట్టి ఈ లోపలి గొంతు గోల మన భాషలోకి కూడా వచ్చేసింది. డబ్బింగ్ రాసేవాళ్ళకి ఒక్క రిక్వెస్ట్. బయటికి "మీరు సెలవిచ్చినట్టే చేస్తాను" అనే క్యారెక్టర్ మనసులో కూడా అదే పుస్తకాల తెలుగు మాట్లాడితే చచ్చినట్టే. లోపల వాడు "వీడి బొంద" అనుకోవాలి. ఆ రెండు తెలుగులూ మన దగ్గర రెడీగా ఉన్నాయి, ఈ విషయంలో మన భాషకి చాలా అడ్వాంటేజ్.

హాస్టల్‌లో ఆ ప్రశ్న అడిగిన రూమ్మేట్ ఇప్పుడు హైదరాబాద్‌లో నాతోనే ఫ్లాట్ షేర్ చేసుకుంటున్నాడు. నేను ఏ లైట్ నావెల్ పేరు ఎత్తినా "మళ్ళీ తెల్లజుట్టోడా?" అని ఆరేళ్ళుగా ఒకటే జోక్. గత నెల ఒక ఆదివారం బలవంతంగా కూర్చోబెట్టి 86 పెట్టా. 11 ఎపిసోడ్లూ ఒకే రోజు చూశాడు. రాత్రి పదకొండింటికి నా రూమ్‌కి వచ్చి "ఆ పుస్తకం ఉందన్నావ్ కదా" అన్నాడు. మొదటి వాల్యూమ్ ఇచ్చి, ఆఖరి పేజీలు మాత్రం 23వ ఎపిసోడ్ చూశాకే చదవమని రెండు సార్లు చెప్పా. పొద్దున్న చూస్తే పుస్తకం సోఫా మీద ఉంది, బుక్‌మార్క్ చివరి పేజీలో.